ఏడో మనిషికి చోటుందా? తిరుపతి, చిత్తూరు మార్కెట్లో తక్కువ వాడిన సెవెన్ సీటర్‌ను ఎంచుకునే తీరు

రెండేళ్ల కిందట రోడ్డెక్కిన సెవెన్ సీటర్, ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది, సింగిల్ ఓనర్, కొత్తదానికంటే రెండు లక్షలు తక్కువ. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కారు కోసం చూస్తున్నామని తెలిసినవారికి చెబితే చాలు, వారం తిరక్కముందే ఇలాంటి వివరాలు ఫోటోలతో సహా ఫోనుకు వచ్చి చేరతాయి. ఆ నాలుగు మాటలూ నిజమే కావచ్చు. అయినా ఆ కారు మన కుటుంబానికి సరిపోతుందో లేదో, ఆ ధర న్యాయమైనదో కాదో వాటిని బట్టి తేల్చలేం. సెవెన్ సీటర్ విషయంలో నిర్ణయం సరిగా కుదరాలంటే వెనక వరుసలో ఎవరు కూర్చుంటారన్నది మొదట తేల్చుకోవాలి, ఆ బండి ఇంతకాలం ఎవరిని మోసిందన్నది తర్వాత తెలుసుకోవాలి, అది ఏ రాష్ట్రంలో రిజిస్టరయిందో ఆ పైన చూడాలి, ధర గురించి మాట్లాడవలసింది చివరన. మనలో చాలామంది ధరతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. బడ్జెట్ చిన్నదైనకొద్దీ ఈ వరుస తప్పడం వల్ల కలిగే నష్టం పెద్దదవుతుంది.

వెనక వరుసలో ఎవరు?

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్లిద్దరు ఉన్న ఇల్లు అనుకుందాం. రోజువారీ ప్రయాణాల్లో కారులో ఉండేది ఇద్దరో నలుగురో. నెలకోసారి కాణిపాకానికో, పెద్దవాళ్లను చూపించడానికి వేలూరు ఆసుపత్రికో, పౌర్ణమికి అరుణాచలానికో బయలుదేరినప్పుడు ఆరుగురవుతారు, ఆడపడుచో మరిదో తోడైతే ఏడుగురు. ఈ ఏడో మనిషి ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు, ఎంత దూరం కూర్చుంటాడు, అతని వయసెంత అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ కారు అన్న ప్రశ్న సగానికి పైగా తేలిపోయినట్టే.

మూడో వరుసను షోరూంలోనో, అమ్మేవారి ఇంటి ముందో ఒక్క నిమిషం కూర్చుని చూసి నిర్ణయించకూడదు. ముందుగా డ్రైవరు సీటును మీ ఇంట్లో కారు నడిపేవారి ఎత్తుకు సర్దాలి, రెండో వరుసలో ఒక పెద్దమనిషిని మోకాళ్లకు చోటుండేలా కూర్చోబెట్టాలి, అప్పుడు మిగిలిన చోటులోకి మీరు ఎక్కాలి. చాలా కార్లలో మూడో వరుస నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాళ్లు పైకి లేచి, తొడల కింద సీటు ఆనదు. పది నిమిషాలకు తెలియని ఆ ఇబ్బంది అరగంటకు నడుముకు తెలుస్తుంది. పైగా లోపలికి వెళ్లాలంటే రెండో వరుస సీటును మడిచి, వంగి, ఒక కాలు లోపల పెట్టి తిరగాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు అది సాధ్యం కాదు. కాబట్టి పెద్దవాళ్లు రెండో వరుసలోనే కూర్చుంటారని, వెనక్కి వెళ్లేది పిల్లలో, పాతికేళ్ల లోపు వారో అవుతారని ముందే అనుకోవడం మంచిది. పెద్దవాళ్ల విషయంలో సీటు ఎత్తూ ముఖ్యమే. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్ వంటి కార్లలో సీటు దాదాపు కుర్చీ ఎత్తులో ఉంటుంది, ఒరిగి కూర్చుంటే చాలు. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో వంటివి నేలనుంచి ఎత్తుగా ఉంటాయి, పైకి అడుగువేసి ఎక్కాలి.

బొలెరో, బొలెరో నియోలలో వెనక సీట్లు ఎదురెదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. పల్లెదారుల్లో నలుగురిని అదనంగా కూర్చోబెట్టుకోవడానికి అవి ఉపయోగపడతాయన్నది నిజమే, ఆ బండ్ల గట్టిదనం మీద మన మండలాల్లో ఉన్న నమ్మకం కూడా ఊరికే వచ్చింది కాదు. అయితే ముందుకు చూస్తూ బెల్టు పెట్టుకుని కూర్చునే సీటు ఇచ్చే రక్షణ పక్కకు తిరిగిన సీటు ఇవ్వదు. పిల్లలను దూరప్రయాణాల్లో అలా కూర్చోబెట్టడాన్ని నేను సమర్థించలేను. కుటుంబానికి సెవెన్ సీటర్ అని వెతికేటప్పుడు వాటిని అయిదు సీట్ల బండ్లుగానే లెక్కించాలి.

సామాను సంగతి ఇంకా కటువైనది. ఏడు సీట్లూ నిలబెట్టి ఉంచితే ఎర్టిగాలో వెనక మిగిలేది 209 లీటర్లు, కారెన్స్‌లో 216, రెనో ట్రైబర్‌లో 84. ఎనభై నాలుగు లీటర్లంటే చేతిసంచులు రెండు మూడు పట్టే చోటు. అదే ట్రైబర్‌లో మూడో వరుస సీట్లను పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేస్తే 625 లీటర్లు వస్తుంది. రోజూ అయిదుగురే తిరుగుతూ, ఎప్పుడో ఒకసారి ఊళ్లోనే ఏడుగురు వెళ్లే ఇంటికి ఇది చక్కని ఏర్పాటు. ఏడుగురూ రెండు రాత్రులకు బట్టలు సర్దుకుని బెంగళూరు వెళ్లాలంటే మాత్రం పైన క్యారియర్ తప్పదు. ఫ్యాక్టరీలోనే సీఎన్‌జీ అమర్చిన ఎర్టిగాలో సిలిండర్ మూడో వరుస వెనకే ఉంటుంది కాబట్టి సామాను పెట్టే చోటు చాలావరకు పోతుంది. తిరుపతి, చిత్తూరుల్లో సీఎన్‌జీ దొరుకుతోంది, ఖర్చూ కలిసివస్తుంది, కానీ ఏడుగురు ప్రయాణికులు, ఏడుగురి సామాను, సీఎన్‌జీ ఒకేచోట ఇమడవు. సీఎన్‌జీ బండి కొంటే సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయించవలసిన పీడన పరీక్ష తేదీ కూడా చూసుకోవాలి.

ఎండాకాలంలో మన ప్రాంతంలో వెనక కూర్చున్నవారికి చల్లగాలి అందుతుందా లేదా అన్నది సౌఖ్యానికి మించిన విషయం. చిన్నపిల్లలకు వాంతులు మొదలయ్యేది తరచుగా అక్కడే. 2025 దాకా వచ్చిన ఎర్టిగాలో రెండో వరుస పైకప్పుకు ఉన్న ఏసీ గాలే వెనక్కి కూడా చేరాలి. కారెన్స్, ట్రైబర్‌లలో మూడో వరుసకు విడిగా గాలి వచ్చే ఏర్పాటు ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు ఎండలో నిలిపిన బండిని చూడటానికి వెళ్లి, ఏసీ వేయించి, వెనక వరుసలో కూర్చుని పది నిమిషాలు గడపండి. సాయంత్రం చల్లబడ్డాక చూపిస్తామన్న బండిని కూడా మరునాడు మధ్యాహ్నం మళ్లీ చూడటం మంచిది.

నిండు బరువుతో ఘాట్ ఎక్కితే

చదునైన రోడ్డు మీద ఒక్కరు కూర్చుని నడిపితే ఏ కారైనా బాగానే ఉంటుంది. మనకు ఎటు వెళ్లినా ఘాట్ ఉంది. తిరుమల ఘాట్ రోడ్లు సరే, పీలేరు వైపు భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్, మదనపల్లె దాటాక హార్స్‌లీ హిల్స్. మనిషికి సగటున 65 కిలోలు అనుకున్నా ఏడుగురు కలిసి 455 కిలోలు. ట్రైబర్ సొంత బరువు సుమారు 950 కిలోలు. అంటే ఆ కారు తన బరువులో దాదాపు సగం బరువును అదనంగా మోస్తూ, 999 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చే 96 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే శక్తి)తో కొండ ఎక్కాలి. ఎక్కుతుంది, సందేహం లేదు, కానీ మొదటి రెండు గేర్లలోనే ఎక్కువసేపు నడవాలి, ఏసీ తగ్గించవలసి రావచ్చు, ముందున్న బస్సును దాటే ఆలోచన మానుకోవాలి. ఎర్టిగా పెట్రోల్ ఇంజిన్ టార్క్ సుమారు 137, కారెన్స్ డీజిల్‌ది 250, ఇన్నోవా క్రిస్టా డీజిల్‌ది 343. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే నిండు బండితో ఏది సునాయాసంగా కొండ ఎక్కుతుందో వేరే చెప్పనవసరం లేదు.

అందుకని టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లోవాళ్లందరినీ తీసుకువెళ్లాలి. అమ్మేవారికి ఇది వింతగా తోచవచ్చు, కొందరు ఒప్పుకోరు కూడా. మర్యాదగా నచ్చజెప్పండి, బంకులో పెట్రోలు మీరే పోయించండి. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి దిగితే గంటన్నరలో తిరుపతికి తిరిగి రావచ్చు. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి జరుగుతోందా, క్లచ్ జారి ఇంజిన్ శబ్దం పెరుగుతూ వేగం మాత్రం పెరగకుండా ఉందా అని గమనించాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి బ్రేకు తొక్కితే పెడల్ అదురుతోందా, బండి ఒక పక్కకు లాగుతోందా అని చూడాలి. కొండ దిగుడు మీద ఎక్కువగా తిరిగిన బండికి ముందు బ్రేకు డిస్కులు వంపు తిరిగి ఉండటం మామూలే, ఆ అదురు చదును రోడ్డు మీద అంతగా తెలియదు. ఆటోమేటిక్ అయితే మలుపులో వేగం తగ్గించి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గేరు మారడానికి ఎంతసేపు తీసుకుంటోందో ఇక్కడే బయటపడుతుంది. ట్రైబర్‌లో ఉన్న ఏఎంటీ (మామూలు గేర్లనే యంత్రం మార్చే) పద్ధతి గేర్‌బాక్సు ఎత్తు మీద కొంత తటపటాయిస్తుంది. ఎర్టిగాలో 2022 ఏప్రిల్‌కు ముందు నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఆ తర్వాత ఆరు గేర్లది వచ్చింది. ఆటోమేటిక్ కావాలనుకునేవారు ఆ తేదీకి ఇటువైపు బండ్లనే చూడటం మంచిది.

డీజిల్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడిచి, పొగగొట్టం బాగా వేడెక్కినప్పుడు ఆ మసి దానంతటదే కాలిపోతుంది. ఇంటినుంచి బడికి, బడినుంచి కూరగాయల మార్కెట్టుకు మాత్రమే తిరిగే బండిలో అలా కాలే అవకాశం ఉండదు, మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది, ముదిరితే ఖర్చు వేలల్లో తేలదు. నెలకు వెయ్యీ పదిహేను వందల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవారికి డీజిల్ అర్థవంతం. అలిపిరి, బైరాగిపట్టెడ, కపిలతీర్థం మధ్యే తిరిగే ఇంటికి పెట్రోలే సరైనది. పెట్రోల్ కార్లలో 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తగినట్టు తయారయ్యాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే కాబట్టి, ధరలో కొద్దిపాటి తేడాయే ఉంటే ఆ తేదీ తర్వాతి బండికే మొగ్గడం తెలివైన పని.

భద్రత గురించి క్లుప్తంగా. కార్లను గుద్దించి రక్షణను అంచనా వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షల్లో మహీంద్రా మరాజోకు 2018లో అయిదింటికి 4 నక్షత్రాలు, ఎర్టిగాకు 2019లో 3, ట్రైబర్‌కు 2021లో 4, కారెన్స్‌కు 2022లో 3 వచ్చాయి. ఇవన్నీ పాత నిబంధనల కింద జరిగినవి, 2022 జూలై నుంచి ఆ సంస్థ పరీక్షలను కఠినం చేసింది. కారెన్స్ మొదటినుంచీ అన్ని రకాల్లోనూ 6 ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. మిగతావాటిలో ఎన్ని ఉన్నాయన్నది బండి ఏ సంవత్సరానిది, ఏ వేరియంట్ అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చూస్తున్న బండిలోనే లెక్కపెట్టుకోవాలి.

మీటరు చెప్పని ప్రయాణాలు

తిరుపతిలో సెవెన్ సీటర్ కొనేవారికి మరో ఊళ్లో అంతగా ఎదురుకాని చిక్కు ఒకటుంది. యాత్రికుల రాకపోకల వల్ల ఇక్కడ సెవెన్ సీటర్ అంటేనే బాడుగ బండి. చెన్నై నుంచి తిరుపతికి రానూపోనూ 270 కిలోమీటర్లకు పైన ఉంటుంది. నెలకు ఇరవై రోజులు ఆ ఒక్క ట్రిప్పు వేసినా ఏడాదికి దాదాపు 65 వేల కిలోమీటర్లు. అంటే రెండేళ్ల బండి లక్షా ముప్పై వేలు తిరిగి ఉండవచ్చు. వయసును బట్టి చూస్తే అది కొత్తదిలాంటి బండి, వాడకాన్ని బట్టి చూస్తే మామూలు కుటుంబం పన్నెండేళ్లలో తిప్పేంత తిరిగిన బండి. బాడుగకు తిప్పడం తప్పేమీ కాదు, ఎందరో డ్రైవర్లు బండిని కన్నబిడ్డలా చూసుకుంటారు, హైవే మీద నడిచిన ఇంజిన్ ట్రాఫిక్‌లో నలిగినదానికంటే మేలుగా కూడా ఉండవచ్చు. ఆ సంగతి దాచి, మీటరు వెనక్కి తిప్పి, ఇంటి బండి ధరకు అమ్మడమే మోసం.

పసుపు బోర్డు బండిని ఓన్ ప్లేటుకు మార్పిస్తే ఆ సంగతి ఆర్‌సీ చరిత్రలో ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లోనో, వాహన్ పోర్టల్‌లోనో వాహన తరగతి, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి చూడవచ్చు. ట్యాక్సీగా నడిచిన బండికి వేగ నియంత్రణ పరికరం, జాడ తెలిపే పరికరం, అత్యవసర బటన్ పెట్టించి ఉంటారు. తీసేసినా వాటి తీగలు, స్క్రూ రంధ్రాలు డ్యాష్‌బోర్డు కిందా, తలుపు స్తంభాల మీదా మిగులుతాయి. కష్టమంతా తెల్లబోర్డుతోనే బాడుగకు తిరిగిన బండితో. అది చట్టరీత్యా చెల్లదు, అందుకే కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

దాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే నమ్మదగింది ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. అమ్మేవారిని గడిచిన ఏడాది స్టేట్‌మెంట్ అడగండి, బ్యాంకు యాప్ నుంచి రెండు నిమిషాల్లో తీసి ఇవ్వగలిగిన కాగితం అది. ఇంటి బండి అయితే పండగలకూ సెలవులకూ అక్కడక్కడా టోలు పడి ఉంటుంది. వడమాలపేట దగ్గరి ఎస్‌వీ పురం టోల్‌గేటు వారానికి అయిదారుసార్లు కనిపిస్తే ఆ బండి చెన్నై దారి మీద బతికిందని అర్థం. అలిపిరి తనిఖీ కేంద్రంలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కాబట్టి, ఆ తర్వాత బండి ఎన్నిసార్లు కొండెక్కిందో కూడా అందులోనే తెలుస్తుంది. స్టేట్‌మెంట్ ఇవ్వడానికి ఇష్టపడని అమ్మకందారును బలవంతపెట్టనవసరం లేదు, ఆ అయిష్టాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ తర్వాత షోరూం ట్రాక్. అమ్మే ఓనరుతోనే కలిసి కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లి బండి నెంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో, ప్రమాదపు మరమ్మతులేమైనా ఉన్నాయో తెలుస్తుంది. వరుస మధ్యలో ఆగిపోయిందంటే, అంటే ఇరవై వేల దగ్గర చివరి సర్వీసు ఉండి ఆపైన ఏడాదిన్నర పాటు ఏమీ లేకపోతే, మీటరు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇక బండి దగ్గర నిలబడి చూడవలసినవి. ఇంట్లో తిరిగిన కారులో మొదట అరిగేది డ్రైవరు సీటు అంచు, స్టీరింగు, క్లచ్ పెడల్ రబ్బరు. బాడుగకు తిరిగిన కారులో వాటితోపాటు వెనక తలుపుల గడప, రెండో వరుస సీటును మడిచే మీట, డిక్కీ అంచు కూడా అరుగుతాయి. రోజుకో కుటుంబం ఎక్కి దిగుతుంది, పెట్టెలు ఈడ్చి దించుతారు. ముప్పై వేల కిలోమీటర్లు అంటున్న బండిలో డిక్కీ అంచు ప్లాస్టిక్ మీద లోతైన గీతలు నిండి ఉంటే, మూడో వరుస బెల్టు అంచు నూలు లేచి ఉంటే, అది ఏ ఇంటి పిల్లల పనీ కాదు. టైర్లు చూడండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ముద్రించి ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1423 అంటే 2023లో పద్నాలుగో వారం. బండి 2023 మొదట్లో తయారై, నాలుగు టైర్లూ 2025వి అయితే, ముప్పై వేలకే టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందని అడగాలి. స్టెప్నీ మీద ఉన్న అంకె అసలు టైర్ల వయసు చెబుతుంది.

పొరుగు రాష్ట్రపు బండి

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నాం. చిత్తూరు నుంచి వేలూరు గంట దూరం, బెంగళూరు మూడున్నర గంటలు, తిరుపతి నుంచి చెన్నై మూడు గంటలు. బెంగళూరులో సెవెన్ సీటర్లు ఎక్కువ, ధరలూ తక్కువగా కనిపిస్తాయి. కనిపించే తేడా చేతికి అందే తేడా కాదు. కేఏ లేదా టీఎన్ నెంబరు బండిని ఇక్కడే ఉంచి వాడుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఏడాది లోపు ఆంధ్రలో రిజిస్టరు చేయించి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. బండి వయసును బట్టి పన్నులో కొంత తగ్గింపు ఉంటుంది, కానీ ఇక్కడ జీవితకాల పన్ను అసలు ధరలో పదోవంతుకు మించి ఉంటుంది కాబట్టి, రెండేళ్ల బండికి ఆ తగ్గింపు పెద్ద ఊరట కాదు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం తిరిగి వస్తుందని మధ్యవర్తి చెబుతాడు. నియమం ఉన్నమాట నిజం, అయితే అది ఆ రాష్ట్రపు కార్యాలయం చుట్టూ తిరిగి సాధించుకోవలసినది, మీ బడ్జెట్లో దాన్ని జమ కింద రాసుకోవద్దు. పన్నెండు లక్షల ఖరీదు పలికిన కారు బెంగళూరులో లక్ష తక్కువకు వస్తుంటే, ఆ లక్ష పన్ను కిందే పోతుంది. దేశమంతటా చెల్లే బీహెచ్ సిరీస్ నెంబరు బండి అయినా సంగతి ఇంతే, దానికి రెండేళ్లకోసారి మాత్రమే పన్ను కట్టి ఉంటారు, ఆ సిరీస్‌కు అర్హత లేనివారు కొంటే ఇక్కడి పన్ను కట్టి మామూలు నెంబరు తీసుకోవాలి.

దీనికి ఎదురుగా, ఆంధ్రలోనే రిజిస్టరయిన బండి చేతులు మారితే జీవితకాల పన్ను మళ్లీ కట్టనక్కరలేదు, బదిలీ రుసుము చాలు. తక్కువ వాడిన కారు కొనడంలో అసలైన ఆదా ఇక్కడే ఉంది, మొదటి ఓనరు కట్టిన పన్ను మనకు కలిసివస్తుంది. అయితే నెంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పే రోజులు పోయాయి. 2019 తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39, ఆ తర్వాతి వరుసలే, చిత్తూరు జిల్లా ఏపీ 03 పాత బండ్లకే మిగిలింది. విజయవాడ బండి కూడా మన ఊరి బండిలాగే కనిపిస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ మునిగాయి, 2021 నవంబరులో మన తిరుపతి వీధులే చెరువులయ్యాయి. నీట మునిగిన బండిని తళతళలాడేలా కడిగి దూరంగా తీసుకొచ్చి అమ్ముతారు. దాన్ని గుర్తించడానికి సీటు బెల్టును చివరంటా బయటికి లాగి చూడండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద మరక గీతలా ఉంటుంది. మూడో వరుస కింద, జాకీ పెట్టే గుంటలో, కార్పెట్ ఎత్తితే రేకు మీద ఒండ్రు కనిపిస్తుంది. సీటు పట్టాల తుప్పు, అద్దాలన్నీ మూసి ఉంచి ఉదయం తెరిచినప్పుడు వచ్చే ముక్కిన వాసన కూడా సూచనలే. ఎలక్ట్రానిక్స్ నిండిన నేటి కార్లలో నీళ్లు తాగిన బండిని ఏ ధరకూ కొనకూడదు.

ఇప్పుడు ధర

ధర గురించి మాట్లాడేముందు 2025 సెప్టెంబరు 22న జరిగినది గుర్తుంచుకోవాలి. ఆ రోజునుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు జీఎస్‌టీ 18 శాతం, మిగతావాటికి 40 శాతం అయింది. ట్రైబర్ మీద 29 నుంచి 18కి, బొలెరో నియో మీద 31 నుంచి 18కి, ఎర్టిగా, కారెన్స్‌ల మీద 45 నుంచి 40కి పన్ను దిగింది. కంపెనీ ధర మారలేదనుకుంటే కొత్త ట్రైబర్ దాదాపు ఎనిమిదిన్నర శాతం, ఎర్టిగా మూడున్నర శాతం చవకయినట్టు. అంటే 2024లో షోరూం ధర 8 లక్షలు పెట్టి కొన్న ట్రైబర్ లాంటిది ఇప్పుడు కొత్తగానే సుమారు 68 వేలు తక్కువకు వస్తుంది. అమ్మేవారు తాము చెల్లించిన బిల్లు చూపి అందులోంచి తరుగు తీస్తారు, అది సహజం. కొనేవారు మాత్రం ఈరోజు షోరూంలో ఉన్న ధర దగ్గర మొదలుపెట్టాలి.

పోలిక ఆన్ రోడ్ ధరతోనే జరగాలి. కొత్త కారు ధరకు జీవితకాల పన్ను, మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలపండి. పాత కారు ధరకు బదిలీ ఖర్చు, ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్, దగ్గరలో మార్చవలసిన టైర్లు, బ్యాటరీ, ఒక పూర్తి సర్వీసు కలపండి. అప్పు తీసుకునేవారు సెకండ్ హ్యాండ్ కారు అప్పుకు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ అన్నదీ లెక్కవేయాలి. ఇవన్నీ పోను తేడా కొత్త కారు ఆన్ రోడ్ ధరలో పదిహేను శాతం కూడా లేకపోతే, నా సలహా కొత్తదే కొనమని. ఎర్టిగా, ఇన్నోవాల విషయంలో తరచూ ఇదే జరుగుతుంది, బాడుగ మార్కెట్టు వాటి ధరను దిగనివ్వదు. మంచి తగ్గింపు దొరికేది అంతగా గిరాకీ లేనివాటిలో. మరాజో అలాంటిది, విశాలమైన మూడో వరుస, బలమైన నిర్మాణం, కానీ తయారీ ఆగిపోయింది కాబట్టి విడిభాగాలు, తిరిగి అమ్మే ధర రెండూ ఆలోచించుకోవాలి. కారెన్స్ మధ్యరకం వేరియంట్లు మూడేళ్ల వయసులో చాలామందికి సరిపడే రాజీ అని నా అభిప్రాయం. టయోటా రూమియాన్ పేరుతో 2023 నుంచి అమ్ముడవుతున్నది లోపల ఎర్టిగానే, ఆ పేరు అంతగా తెలియనందువల్ల ఒక్కోసారి మెరుగైన ధరకు దొరుకుతుంది.

వారంటీ మిగిలి ఉందా అన్నది కూడా ధరలో భాగమే. మారుతి 2024 జూలై నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తోంది, అంతకుముందు 2 ఏళ్లు లేదా 40 వేలు. అదే ఏడాది జూన్ బండికీ ఆగస్టు బండికీ ఇంత తేడా ఉంది. బీమా విలువకూ ఒక మెలిక ఉంది. ఏడాది దాటిన బండికి 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40 శాతం తరుగు తీయడం ఆనవాయితీ. గిరాకీ ఉన్న బండికి మనం అంతకంటే ఎక్కువ ధర పెడితే, రేపు బండి పూర్తిగా దెబ్బతిన్నప్పుడు బీమా ఇచ్చేదానికీ మనం పెట్టినదానికీ మధ్య ఉన్న లోటు మనదే అవుతుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఓనరు సంతకాలు చేసి ఇచ్చేసిన ఖాళీ ఫారం 29, 30లు (పేరు మార్పిడి పత్రాలు) చేతిలో పెట్టుకుని మధ్యవర్తులు బండిని ఒకరినుంచి ఒకరికి మారుస్తుంటారు. బదిలీ తర్వాత చూసుకోవచ్చులే అన్నమాట వింటే ఆగిపోవాలి. ఆర్‌సీలో ఎవరి పేరుందో వారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది, అమ్మేవారి మేలు కూడా వెంటనే పేరు మార్పించడంలోనే ఉంది. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీ నుంచి అప్పు తొలగించే దరఖాస్తు) చేతికి వచ్చాకే చివరి మొత్తం ఇవ్వాలి. అప్పు తీరిపోయిందని చెబుతున్నా ఆర్‌సీలో హెచ్‌పీ (అప్పు నమోదు) ఉంటే అది తీరనట్టే లెక్క. పెండింగ్ చలాన్లు అమ్మేవారితోనే కట్టించాలి. డీలరు దగ్గర కొంటే, 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ డీలర్లు ఆర్టీవో దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నియమం ఉంది, దాన్ని చూపించమని అడగడంలో తప్పులేదు.

బండి ఇంటికి తెచ్చుకునే రోజున అందరూ మరిచిపోయేది ఇన్సూరెన్స్. పాలసీని పద్నాలుగు రోజుల్లోపు కొన్నవారి పేరు మీదికి మార్పించుకోవాలి, లేకపోతే సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిము నిలవదు. పాత ఓనరుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము లేనందుకు ప్రీమియంలో తగ్గింపు) ఆయనతోనే వెళ్లిపోతుంది, కాబట్టి ప్రీమియం తేడా కొంత కట్టవలసి వస్తుంది, ఆ సొమ్మును ముందే పక్కన పెట్టుకోవాలి. పాత ఫాస్టాగ్‌ను అమ్మినవారే మూసివేయించి, కొత్తది మన ఆర్‌సీ మీద తీసుకోవాలి. రెండు తాళంచెవులూ, జాకీ, పానా, స్టెప్నీ ఉన్నాయో లేదో చూసుకుని, డెలివరీ నోటు మీద తేదీతోపాటు గంట కూడా రాయించుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ గంటకు ముందు పడిన చలాను అమ్మినవారిది, తర్వాత పడినది మనది.